పింగాణీ బొమ్మకు వెల కట్టేదెవరు?

అమెరికాలో ఒక తరం ఇళ్లు ఖాళీ చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పుట్టినవాళ్లు పెద్ద ఇళ్లు అమ్మేసి చిన్న అపార్ట్‌మెంట్లకు మారుతున్నారు. వాళ్లూ, వాళ్ల తల్లులూ అద్దాల బీరువాల్లో వరసగా పేర్చుకున్న పింగాణీ బొమ్మలు ఇంటి సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్ బల్లల మీదికి, గుడ్‌విల్ లాంటి పాత సరుకు దుకాణాల అరల్లోకి వచ్చి పడుతున్నాయి. బుట్ట పట్టుకున్న పల్లెపిల్ల, గౌను కుచ్చిళ్లు పైకెత్తి నిలబడ్డ దొరసాని, కొమ్మ మీద వాలిన పిట్ట, కాలెత్తిన గుర్రం. చాలావాటి మీద రెండు మూడు డాలర్ల చీటీ ఉంటుంది. వాటి మధ్యే ఎప్పుడో ఒకసారి మూడు నాలుగు వందలు పలికే బొమ్మ కూడా అదే చీటీతో నిలబడి ఉంటుంది. దాన్ని ఎలా గుర్తుపట్టాలి, దాని వెల ఎవరు తేల్చాలి అన్న ప్రశ్నల చుట్టూ అక్కడ పుస్తకాలు, క్లబ్బులు, టీవీ కార్యక్రమాలు, వేలం సంస్థలు, చివరికి పన్ను నిబంధనలు కూడా పుట్టాయి.

మనవాళ్లకు దీంతో ఏం పని అనుకోనక్కర్లేదు. అమెరికాలో సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే తెలుగిళ్లలో కొండపల్లి దశావతారాల కింది మెట్టు మీద థ్రిఫ్ట్ స్టోర్ బాతులూ కుందేళ్లూ చేరాయి. గృహప్రవేశానికి స్పెయిన్ వాళ్లు చేసిన లాడ్రో వినాయకుణ్ణి బహుమతిగా ఇచ్చే ఆనవాయితీ కూడా బలపడింది. కొనేవాళ్లు ఉన్నప్పుడు, ఎంతకు కొంటున్నామో ఏం కొంటున్నామో తెలియడం మంచిదే.

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లలో మూడు వర్గాలు కనిపిస్తాయి. ఒక వర్గం బొమ్మ చేతికి రాగానే తలకిందులు చేసి అడుగున ముద్ర చదువుతుంది. రెండో వర్గం ముద్రను నమ్మదు. మట్టిని, అచ్చును, రంగును, అడుగు అరిగిన తీరును చూస్తుంది. మూడో వర్గానికి ఇవేవీ పట్టవు. నిన్న ఇలాంటిది ఎంతకు అమ్ముడుపోయిందో చెప్పమంటుంది. మొదటి ఇద్దరూ కలిస్తే ఆ వస్తువు ఏమిటో తెలుస్తుంది, దాని ధర తెలియదు. మూడోవాడికి ధర తెలుస్తుంది కానీ, ఆ ధర తన చేతిలో ఉన్న బొమ్మదేనా అన్నది తెలియదు. ఈ రంగంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఒకరి పని మరొకరు చేయబోవడం వల్లనే వస్తాయి.

ముద్రల సంగతి ముందు చూద్దాం. అమెరికాలో ఈ విద్యకు పునాది వేసినవాళ్లు కళాకారులు కాదు, కస్టమ్స్ అధికారులు. 1890లో మెకిన్లీ సుంకాల చట్టం వచ్చింది. దాని ప్రకారం 1891 మార్చి నుంచి దిగుమతి అయ్యే సరుకు మీద అది ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాసి ఉండాలి. ఆ చట్టం ఉద్దేశం స్వదేశీ కార్ఖానాలను కాపాడటం. కానీ నూరేళ్ల తరవాత అదే చట్టం బొమ్మల వయసు చెప్పే పంచాంగంలా ఉపయోగపడుతోంది. జపాన్ వాళ్లు మొదట తమ భాషలోని పేరే వాడి ‘నిప్పాన్’ అని కొట్టారు. 1921లో అమెరికా అధికారులు అది ఇంగ్లీషు మాట కాదని తేల్చారు. అప్పటినుంచి ‘జపాన్’ వచ్చింది. కాబట్టి అసలైన నిప్పాన్ ముద్ర ఉంటే ఆ బొమ్మ 1891కీ 1921కీ మధ్యది. యుద్ధంలో జపాన్ ఓడి అమెరికా ఏలుబడిలోకి వెళ్లాక ఎగుమతులు 1947లో మళ్లీ మొదలయ్యాయి. 1952 ఏప్రిల్‌లో ఆ ఏలుబడి ముగిసింది. ఈ మధ్యకాలపు సరుకులో కొంత భాగం మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటుంది. కొంత భాగం అన్నది గమనించాలి, ఎందుకంటే ఉత్త ‘జపాన్’ అని రాసినా అప్పట్లో చెల్లింది.

జర్మనీ చరిత్ర కూడా ఇలాగే బొమ్మల అడుగున దొరుకుతుంది. యుద్ధానికి ముందు ‘జర్మనీ’, ఓడిన కొత్తలో ‘యు.ఎస్. జోన్ జర్మనీ’, 1949 తరవాత ‘వెస్ట్ జర్మనీ’, 1990లో దేశం ఏకమయ్యాక మళ్లీ ‘జర్మనీ’. ‘చెకోస్లొవేకియా’ అని ఉంటే 1918కి ముందుది కాదు. చైనా విషయంలో మధ్యలో ఒక ఖాళీ ఉంది: కొరియా యుద్ధం వేళ 1950 చివర్లో అమెరికా చైనా సరుకు మీద ఆంక్ష పెట్టింది, అది 1971 దాకా నడిచింది. చేప పట్టుకున్న ముసలి తాత, పుస్తకం చదువుతున్న పండితుడు లాంటి షివాన్ మట్టి బొమ్మలు అమెరికా ఇళ్లలో విరివిగా కనిపిస్తాయి. వాటిని ఆంక్షకు ముందువి, తరవాతివి అని రెండు కుప్పలు చేసి చూడటం మొదటి పని. బ్రిటిష్ బొమ్మల మీద చతురస్రం మూల మీద నిలబెట్టినట్టున్న రిజిస్ట్రీ గుర్తు ఉంటే దాని డిజైన్ 1842కీ 1883కీ మధ్య నమోదైంది.

ఇంతవరకూ ముద్ర బాగానే పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే, ముద్ర కొట్టడం బొమ్మ చేయడం కంటే తేలిక. జర్మనీలోని మైసెన్ కార్ఖానా 1710లో మొదలైంది. దాని నీలి రంగు అడ్డకత్తుల గుర్తును మూడు శతాబ్దాలుగా లెక్కలేనంతమంది అనుకరించారు. పారిస్‌లో సాంసన్ సంస్థ పాత యూరప్ బొమ్మలకు నకళ్లు చేయడమే వృత్తిగా పెట్టుకుంది. ఇప్పుడు ఆ నకళ్లను కూడా సేకరించేవాళ్లున్నారు. కిరీటం కింద ‘ఎన్’ అక్షరం చూడగానే ఇటలీ కాపోడిమోంటే అని అమ్మేస్తారు. కాపోడిమోంటే అసలు కార్ఖానా 1743లో పుట్టి 1759లో స్పెయిన్‌కు తరలిపోయింది. కిరీటం, ‘ఎన్’ ఆ తరవాత నేపుల్స్‌లో వచ్చిన మరో రాచ కార్ఖానావి. ఎస్టేట్ సేల్లో కనిపించే గులాబీల బుట్టలు, బెంచీ మీద కూచున్న బిచ్చగాళ్లలో దాదాపు అన్నీ ఇరవయ్యో శతాబ్దపు సరుకే. ఆ గుర్తు చూసి డబ్బు పెట్టకండి అని నిస్సంకోచంగా చెప్పొచ్చు. నిప్పాన్, ఆక్యుపైడ్ జపాన్ ముద్రలకు గిరాకీ వచ్చాక వాటికీ నకిలీలు వచ్చాయి.

ముద్ర లేకపోవడం కూడా అంతే తికమక పెడుతుంది. ముద్ర లేదు కాబట్టి 1891కి ముందుది అని వాదించేవాళ్లు ప్రతి సంతలో ఉంటారు. చట్టం ముద్రే ఉండాలనలేదు. కాగితపు చీటీ అతికించినా సరిపోయింది. షికాగోలో హంగేరీ వలసవాసి జార్జ్ లెఫ్టన్ 1941లో మొదలుపెట్టిన సంస్థ, క్లీవ్‌లాండ్‌లోని నాప్కో లాంటి దిగుమతిదారులు యుద్ధం తరవాత జపాన్ నుంచి ఓడల కొద్దీ బొమ్మలు తెప్పించారు. వాటి మీద బంగారు రంగు చీటీలు ఉండేవి. ఇంటావిడ ఒకసారి సబ్బు నీళ్లతో కడిగితే ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు కాలవలోకి పోయినట్టే.

అందుకే రెండో వర్గం మాట వినాలి. బొమ్మ బరువు, చల్లదనం ముందు చెబుతాయి: పింగాణీ చేతికి చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్ రెజిన్ తగలదు. దీపానికి అడ్డం పెడితే పలుచని చోట వెలుతురు దాటితే పోర్సలిన్ లేదా బోన్ చైనా. దాటకపోతే మట్టి పాత్ర జాతి. అడుగున సుద్దలా పొడి రాలితే అది ప్లాస్టర్, ఒకప్పుడు తిరనాళ్లలో గురి కొట్టినవాళ్లకు బహుమతిగా ఇచ్చినది. తరవాత అచ్చు. విక్టోరియా కాలపు స్టాఫర్డ్‌షైర్ కుక్కల జంట అమెరికాలో ఇప్పటికీ ఇష్టపడి కొనే బొమ్మ. పాతవాటిని అచ్చులో మట్టిని చేత్తో అదిమి చేశారు. గోడ మందంగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, బట్టీలో ఆవిరి పోవడానికి పెట్టిన రంధ్రం చాలా చిన్నది. ఇటీవలి నకళ్లను పలుచని మట్టి ద్రవాన్ని అచ్చులో పోసి తీస్తారు. గోడ ఒకే మందంలో ఉంటుంది, అడుగున వేలు పట్టేంత రంధ్రం కనిపిస్తుంది. పగుళ్ల వల చూసి పాతదని నమ్మకూడదు. గ్లేజు మీద ఆ సన్నటి గీతలు కావాలని తెప్పించడం, వాటిలోకి టీ నీళ్లు ఎక్కించడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన పని. అడుగు అంచు అరుగుదల మాత్రం అబద్ధమాడటం కష్టం: నిజమైన అరుగుదల ఎక్కువగా బల్లకు తగిలే చోటే ఉంటుంది, గీతలు అన్ని దిక్కులకూ పోతాయి. గరుకు కాగితంతో గీకినది ఒకే దిక్కుకు పోతుంది.

ఇక మరమ్మతులు. వేళ్లు, టోపీ అంచు, పిట్ట ముక్కు, గుర్రం చెవి, ఇవి ముందు విరిగేవి. డ్రెస్డెన్ లేసు బొమ్మల్లో అయితే నిజమైన లేసును మట్టి ద్రవంలో ముంచి గౌనుకు చుట్టి కాల్చుతారు. గుడ్డ మండిపోయి దాని ఆకారం మాత్రమే పింగాణీగా మిగులుతుంది. అంత సున్నితమైనది ఎక్కడా పెచ్చు ఊడకుండా ఎనభై ఏళ్లు దాటిందంటే అనుమానించి చూడటమే మంచిది. చీకటి గదిలో అతినీల లోహిత దీపం కింద పెడితే కొత్త జిగురు, కొత్త రంగు చాలావరకు వేరే కాంతితో బయటపడతాయి. కార్ఖానాలు తామే రెండో రకమని ఒప్పుకున్న గుర్తులు కూడా ఉంటాయి: మైసెన్ వాళ్లు కత్తుల మీద అడ్డంగా గీస్తారు, లాడ్రో వాళ్లు తమ చిహ్నాన్ని కొంత చెక్కేస్తారు. ఈ గీతలు చూడకుండా మొదటి రకం ధర పెట్టినవాళ్లు చాలామంది.

గుర్తుపట్టడం వేరు, వెల వేరు అన్నదానికి హమ్మెల్ బొమ్మలను మించిన ఉదాహరణ లేదు. బవేరియాలో 1909లో పుట్టిన బెర్టా హమ్మెల్ మ్యూనిక్‌లో చిత్రకళ చదివి, 1931లో సీసెన్ కాన్వెంటులో చేరి సిస్టర్ మరియా ఇన్నొసెన్షియా అయింది. ఆమె గీసిన బుగ్గల పిల్లల కార్డులు చూసిన పింగాణీ కార్ఖానా యజమాని ఫ్రాంజ్ గ్యోబెల్ వాటిని బొమ్మలుగా చేసి 1935లో లైప్‌జిగ్ సంతలో పెట్టాడు. సిస్టర్ 1946లో క్షయతో చనిపోయింది, అప్పటికి ఆమెకు 37 ఏళ్లు. అదే సమయంలో జర్మనీలో మకాం వేసిన అమెరికా సైనికులు ఇంటికి పంపే బహుమతుల్లో ఈ బొమ్మలు చేరాయి. అలా ఒక జర్మన్ సన్యాసిని గీసిన పల్లెటూరి పిల్లలు అమెరికా గృహిణుల అద్దాల బీరువాలకు ఎక్కారు. 1977లో అమెరికాలో సేకర్తల క్లబ్బు పుట్టింది. షికాగో దగ్గర రోజ్‌మాంట్‌లో, ఆ ఊరి ఒకప్పటి మేయర్ డొనాల్డ్ స్టీఫెన్స్ సేకరించినవాటితో ఒక మ్యూజియమే వెలిసింది.

హమ్మెల్‌ను గుర్తించడం నిజానికి సులువు. పీట మీద సిస్టర్ సంతకం చెక్కి ఉంటుంది. అడుగున అచ్చు సంఖ్య ఉంటుంది, కార్ఖానా ముద్ర ఉంటుంది: 1935 నుంచి 1949 దాకా కిరీటం, 1950ల్లో ‘వి’ అక్షరంలో పెద్ద తుమ్మెద, జర్మన్‌లో హమ్మెల్ అంటే తుమ్మెదే కాబట్టి, తరవాత ఆ తుమ్మెద చిన్నదై, బొమ్మలా మారి, 1979లో పూర్తిగా ఎగిరిపోయింది. ఒక్క ఉచ్చు ఉంది. అడుగున మట్టిలో నొక్కిన సంవత్సరం బొమ్మ తయారైన ఏడాది కాదు, డిజైన్ హక్కు నమోదైన ఏడాది. 1938 అని చదివి యుద్ధానికి ముందుదని సంబరపడేవాళ్ల చేతిలో తరచు ఉండేది 1970ల బొమ్మ.

ఇంత స్పష్టంగా గుర్తించగలిగిన వస్తువు ధర ఏమైంది? 1970లు, 80లలో ఏటా పెరుగుతుందని కొన్నారు. రాబర్ట్ మిల్లర్ ధరల పుస్తకం బైబిలు పక్కన ఉండేది. ఇవాళ మామూలు సైజు, తరవాతి ముద్రల హమ్మెల్ పది ఇరవై డాలర్లకు కదలడం కష్టం. కొన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు, వాళ్ల పిల్లలకు ఇవి వద్దు, అందరివీ ఒకేసారి బజారుకు వచ్చాయి. గ్యోబెల్ సంస్థ 2008లో వీటి తయారీ మానేసింది. మరో సంస్థ అందుకున్నా వెనకటి ధరలు తిరిగి రాలేదు. నిలిచిన ధరలన్నీ అంచుల్లో ఉన్నాయి: కిరీటం ముద్రవి, పెద్ద సైజులు, 1940 ప్రాంతంలో హంగేరీ, బల్గేరియా పల్లె దుస్తులతో నమూనాగా చేసి మార్కెట్లోకి వదలని కొన్ని. ఈ చివరివి 1970ల్లో వెలుగులోకి వచ్చాయి, ఇప్పటికీ వేలల్లో పలుకుతాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది కాలిఫోర్నియా కథ. నాకు ఈ మొత్తం రంగంలో అందరికంటే ఇష్టమైనవాళ్లు అక్కడి బొమ్మల తయారీదారులే. యుద్ధం రాగానే జపాన్, జర్మనీ, ఇటలీ సరుకు ఆగిపోయింది. అమెరికా దుకాణాలకు బహుమతి వస్తువులు కావాలి. లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల ఇళ్ల గరాజుల్లో, పెరళ్లలో వందల చిన్న పాటరీలు లేచాయి, వాటిలో చాలా ఆడవాళ్లు నడిపినవి. పాసడీనాలో ఫ్లారెన్స్ వార్డ్ కొడుకు పోయిన దుఃఖంలో మట్టి పట్టుకుంది. గరాజులో మొదలైన ఆ పని లేసుల గౌన్ల దొరసానుల కార్ఖానా అయింది, 1964లో అమ్మేశారు. స్విస్ నర్తకి హెడీ షూప్ నాజీల నుంచి తప్పించుకుని హాలీవుడ్ చేరింది. ఆమె కార్ఖానా 1958లో అగ్నిప్రమాదంలో పోయింది. కరోనా డెల్ మార్‌లో కే ఫించ్ పందిపిల్లలు, ఏనుగులు, కుక్కలు చేసింది. లగూనా బీచ్‌లో డర్లిన్ బ్రేటన్ 1938లో డిస్నీ పాత్రలను బొమ్మలు చేసే అనుమతి సంపాదించాడు. వెర్నన్ కిల్న్స్ 1940లో వచ్చిన ‘ఫాంటాసియా’ సినిమా పాత్రలను బొమ్మలు చేసింది. దూరాన విస్కాన్సిన్‌లోని మాడిసన్‌లో సెరామిక్ ఆర్ట్స్ స్టూడియో 1940ల మొదట్లో మొదలైంది. బెటీ హారింగ్టన్ అక్కడ వందల డిజైన్లు చేసింది.

1950ల్లో జపాన్ బొమ్మలు మళ్లీ వచ్చాయి, అదీ వీళ్ల డిజైన్ల నకళ్లతో. మాడిసన్ స్టూడియో ఆ దశాబ్దం మధ్యలో మూతపడింది. కొందరు దారి మార్చుకున్నారు: ఆర్కేడియాకు చెందిన మ్యూరియల్ జోసెఫ్ జార్జ్ తన బొమ్మల తయారీని జపాన్‌కే పంపింది. ఆమె ‘జోసెఫ్ ఒరిజినల్స్’ చీటీ మీద ముద్రాపకుడు స్పెల్లింగు తప్పు కొట్టాడు, ఆ తప్పే బ్రాండు పేరుగా ఉండిపోయింది. ఇప్పుడు సేకర్తలు కాలిఫోర్నియాలో చేసినవాటికీ జపాన్‌లో చేసినవాటికీ తేడా చూసి ధర పెడతారు. ఇక గుర్రాల దగ్గరికి వస్తే హాగెన్ రెనేకర్‌ది ప్రత్యేక స్థానం. 1940ల మధ్యలో పుట్టి 2021 దాకా నడిచిన ఆ సంస్థకు మోరీన్ లవ్ చేసిన గుర్రాలు శరీర నిర్మాణంలో తప్పు పట్టలేనివి. తరవాత బ్రయర్ ప్లాస్టిక్ గుర్రాల కంపెనీ వాటి అచ్చులు అద్దెకు తీసుకుంది. అంచేత బ్రయర్ గుర్రాలతో ఆడుకుని పెరిగిన పిల్లలే పెద్దయ్యాక అసలు పింగాణీ గుర్రాన్ని వెతుక్కుంటూ వచ్చారు. పాత పెద్ద గుర్రాలకు వందల డాలర్లు పెట్టడానికి నేటికీ మనుషులున్నారు.

ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: దాచుకోవడానికే చేసి అమ్మిన బొమ్మకు వెల నిలవలేదు, దాచుకోవాలని ఎవరూ చెప్పని బొమ్మకు నిలిచింది. ‘పరిమిత సంఖ్య’ అని సర్టిఫికెట్టు ఇచ్చినవాటిని అందరూ డబ్బాలతో సహా భద్రపరిచారు, కాబట్టి వాటి సంఖ్య ఏమీ తగ్గలేదు. 1978లో ఎనెస్కో సంస్థ తెచ్చిన ప్రెషస్ మూమెంట్స్ కన్నీటిచుక్క కళ్ల బొమ్మలదీ అదే గతి. ట్రెంటన్‌లో ఎడ్వర్డ్ మార్షల్ బోమ్ చేసిన పక్షులు నిజంగా గొప్ప పనితనం. మెట్రపాలిటన్ మ్యూజియం 1951లోనే అతని బొమ్మలు తీసుకుంది, 1972లో నిక్సన్ మావోకు బహుమతిగా పట్టుకెళ్లింది బోమ్ హంసలనే. అయినా ఇవాళ వేలంలో వాటి ధర కొన్న ధరలో చిన్న భాగం. ఇంగ్లండ్ సంస్థ రాయల్ డౌల్టన్ దొరసానులదీ అంతే. 1913 నుంచి హెచ్‌ఎన్ అంకెలతో వచ్చిన వాటిలో పదేళ్లు, ఇరవై ఏళ్లు తయారైన డిజైన్లు బోలెడున్నాయి. రెండు మూడేళ్లకే ఆపేసిన యుద్ధపూర్వపు అంకెలకే గిరాకీ.

ఒక చిన్న వింత కూడా చెప్పుకోవాలి. ఇలాంటి పింగాణీ బొమ్మలనే ఎగతాళి చేస్తూ, ప్రేమిస్తూ జెఫ్ కూన్స్ 1988లో మైకేల్ జాక్సన్‌నూ అతని చింపాంజీనీ నిలువెత్తు బంగారు పింగాణీలో చేయించాడు. అందులో ఒక ప్రతి 2001లో న్యూయార్క్ సోదబీస్‌లో 56 లక్షల డాలర్లకు పోయింది. అమ్మమ్మ బీరువాలోని బొమ్మకు పది డాలర్లు, దాని వెక్కిరింతకు అంత!

ఇంకొక జాతి బొమ్మలున్నాయి, వాటిని దాటవేయలేం. నల్లజాతివాళ్లను వికారంగా, నౌకర్లుగా చూపిస్తూ ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికాలోనూ జపాన్‌లోనూ చేసిన బొమ్మలకు ఇప్పటికీ కొనేవాళ్లున్నారు. కొనేవాళ్లలో నల్లజాతి సేకర్తలూ ఉన్నారు, చరిత్ర మాయం కాకూడదని. మిషిగన్‌లో ఫెరిస్ స్టేట్ విశ్వవిద్యాలయంలోని జిమ్ క్రో మ్యూజియం వీటిని జాత్యహంకారానికి సాక్ష్యంగా ప్రదర్శిస్తుంది. థ్రిఫ్ట్ స్టోర్‌లో అలాంటిది కనిపిస్తే సరదాగా ఉందని కొలువులో పెట్టకండి. ఇంటికి వచ్చే అమెరికన్ అతిథికి అది సరదా కాదు.

వెల కట్టే విషయానికొస్తే, పుస్తకాల కాలం అయిపోయింది. రాల్ఫ్, టెరీ కోవెల్ దంపతుల ముద్రల నిఘంటువు 1953లో వచ్చింది, ధరల జాబితా 1968 నుంచి. గుర్తింపుకు ఇప్పటికీ అలాంటి పుస్తకాలు కావాలి; ధరకు అక్కర్లేదు. 1995లో ఈబే మొదలవడంతో అరుదు అనుకున్నది అరుదు కాదని తేలిపోయింది. ఒహాయోలో ఒక్క దుకాణంలో ఉన్న బొమ్మ నలభై ఇళ్లలో ఉన్నట్టు ఒకే తెర మీద కనిపించింది. 1997లో అమెరికాలో మొదలైన ‘ఆంటీక్స్ రోడ్‌షో’ మాత్రం వ్యతిరేక దిశలో ఆశలు పెంచింది: లాటరీ తగిలినవాళ్లనే చూపిస్తే చూసేవాళ్లందరూ తమ ఇంట్లోనూ లాటరీ ఉందనుకుంటారు.

ధర చూడాల్సిన పద్ధతి ఒకటే: అడిగిన ధర వదిలేసి, అమ్ముడైన ధరలు చూడాలి. ఈబేలో ఆ వడపోత ఉచితం. వర్త్‌పాయింట్ లాంటి చందా సంస్థల్లో పాత అమ్మకాలు ఏళ్ల తరబడి దొరుకుతాయి. అదే అచ్చు, అదే సైజు, అదే ముద్ర, అదే స్థితి ఉన్నవాటినే పోల్చాలి. ఫోన్‌తో ఫొటో తీస్తే పేరు చెప్పే యాప్‌లు ఆకారం వరకే సాయం. అసలుకూ నకలుకూ ఆకారం ఒకటే కదా.

ధర అన్నా ఒకటే ధర ఉండదు. బీమా కంపెనీకి కావలసింది అలాంటిదే మళ్లీ కొనాలంటే ఎంతవుతుందన్న లెక్క, అది అన్నిటికన్నా ఎక్కువ. ఆదాయపు పన్నుకు కావలసింది ఇష్టపూర్వకంగా అమ్మేవాడూ కొనేవాడూ కుదుర్చుకునే సరసమైన మార్కెట్ ధర. దుకాణదారు మీ చేతిలో పెట్టేది మూడోది, అన్నిటికన్నా తక్కువ. అతనికి అద్దె, పెట్టుబడి ఉన్నాయి, అది మోసం కాదు. దానం చేస్తే పన్ను రాయితీ అడిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి: నగదు కాని దానాలు 500 డాలర్లు దాటితే 8283 ఫారం కావాలి, ఒకే జాతి వస్తువులు కలిపి 5,000 దాటితే అర్హతగల మదింపుదారు రాసిన నివేదిక కావాలి. బీమా నివేదిక చూపించి పన్ను తగ్గించుకోబోయినవాళ్లు చిక్కుల్లో పడతారు. లాభానికి అమ్మితే, ఏడాదికి పైగా దగ్గరుంచుకున్న సేకరణ వస్తువు మీద పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. వెలలో శాతం ఫీజుగా అడిగే మదింపుదారును, వెల చెప్పి తనే కొంటాననేవాణ్ణి నమ్మకండి.

చివరికి మన వినాయకుడు. లాడ్రో సోదరులు ముగ్గురు 1953లో వెలెన్సియా దగ్గర అల్మాసెరాలో పని మొదలుపెట్టారు. 2017లో కుటుంబం సంస్థను అమ్మేసింది. గణపతి, లక్ష్మి, రాధాకృష్ణుల బొమ్మలు ఆ సంస్థ భారతీయుల కోసం, ముఖ్యంగా ప్రవాసుల కోసం పెంచుకున్న శాఖ. మన దేవుళ్లను యూరప్ పింగాణీలో చూడటం కొత్తేమీ కాదు: ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే జర్మనీ కార్ఖానాలు రవివర్మ ముద్రణ చిత్రాల పోలికలో దేవతా విగ్రహాలు చేసి మన దేశానికి పంపాయి, చెట్టినాడు మేడల్లో అవి ఉండేవి. అవి ఈనాడు వేలాల్లో గట్టి ధర పలకడానికి కారణం సులువే: పూజలో వాడారు, విరిగాయి, నిమజ్జనం చేశారు, మిగిలినవి తక్కువ. లాడ్రో వినాయకుడికి ఆ యోగం పట్టడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. పనితనం చూసి, భక్తి ఉంటే, చూస్తుంటే సంతోషం కలిగితే కొనండి. పెట్టుబడి అని దుకాణంలో చెబితే మాత్రం చెవిన పెట్టకండి. కొన్నాక డబ్బా, సంఖ్య రాసిన సర్టిఫికెట్టు, బిల్లు పారేయకండి. అడుగున ముద్ర ఫొటో తీసి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారో రాసి వాటితో కలిపి పెట్టండి; పాత బొమ్మ మీద చీటీ ఉంటే తడిగుడ్డ తగలనివ్వకండి. రేపు ఆ బొమ్మను చేతిలోకి తీసుకునే మీ పిల్లలకు, లేదా ముక్కూమొహం తెలియని కొనుగోలుదారుకు, అవే ఆధారాలు.